కొట్టేసిన గ్రాఫు

అక్టోబరు 26, ఆదివారం

వసంత ఆంటీ గుడి క్యాంటీన్ నుంచి వచ్చి, చేతికి అంటిన దోసెపిండి కూడా కడుక్కోకుండా నా గది తలుపు కొట్టింది. "ఆదర్శ్‌కి ఆఫర్ వచ్చిందమ్మా. సిటీలో ఆఫీసు. ఫిబ్రవరిలో చేరాలి" అంది. పెద్ద ఇన్సూరెన్సు కంపెనీ, గ్రాడ్యుయేట్ ప్రోగ్రాం. వేలమంది అప్లై చేస్తే పదుల్లో తీసుకుంటారు. ఆంటీ కళ్ళ నిండా నీళ్ళు. గట్టిగా వాటేసుకున్నాను. నా భుజం మీద పిండి మరక ఇంకా ఉంది.

సాయంత్రం విజయభాస్కర్ అంకుల్ ఆ ఈమెయిల్ ప్రింటు తీసి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచారు. అడుగున ఒక షరతు ఉంది: డిగ్రీ మొత్తం మీద సగటు అరవై ఐదుకు తగ్గకూడదు. అంకుల్ ఆ వాక్యం కింద పెన్నుతో గీత గీశారు. విజయనగరం వదిలి ఈ దేశం వచ్చి ఇన్నేళ్ళయినా ముఖ్యమైన మాట కింద గీత గీసే అలవాటు ఆయనకి పోలేదు.

"మనవాడిది ఇప్పుడెంత?"

ఆదర్శ్ సోఫాలో వెల్లకిలా పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "సిక్స్టీ ఫోర్ పాయింట్ సమ్‌థింగ్. ఇట్స్ ఫైన్, డాడ్. ఇంకొక్క ఎగ్జామే. అందులో సెవెంటీ వస్తే చాలు."

ఆ ఒక్కటీ స్టాటిస్టిక్స్. నా పీహెచ్‌డీతో పాటు నేను ట్యూటర్‌గా చేస్తున్న సబ్జెక్టు.

ఎవరూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటం తెలుస్తూనే ఉంది.

అక్టోబరు 27, సోమవారం

ఇందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు. జూలైలో క్లాసులు మొదలైనప్పుడే హెలెన్‌కి చెప్పాను: ఒక విద్యార్థి వాళ్ళింట్లోనే నేను అద్దెకుంటున్నాను అని. సబ్జెక్టు బాధ్యత అంతా ఆమెదే కాబట్టి ముందే చెప్పడం మంచిదనిపించింది. "అతను వేరే ట్యూటర్ క్లాసులో ఉన్నాడు. ఫైనల్ పేపర్ల మీద పేర్లుండవు. ఒక్కొక్కరం ఒక్కొక్క ప్రశ్న దిద్దుతాం. పర్వాలేదు" అంది. పాత ఈమెయిల్ తీసి మళ్ళీ చదివాను. పర్వాలేదనే ఉంది.

నవంబరు 4, మంగళవారం

కప్ డే, గుర్రప్పందేల రోజు సెలవు. పెరట్లో బార్బెక్యూ పెట్టారు. అంకుల్ మొక్కజొన్న కంకులు కాలుస్తుంటే ఆంటీ నిమ్మచెక్కతో ఉప్పుకారం రాస్తోంది. ఆదర్శ్ లోపల చదువుకుంటున్నాడు. నిజంగానే చదువుతున్నాడు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు.

అంకుల్ పొగలోంచి అన్నారు: "మార్కులు గేటు వరకేనమ్మా. లోపలికెళ్ళాక ఎవడూ అడగడు. పదహారేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, నా డిగ్రీలో ఎంతొచ్చిందని ఈ దేశంలో ఒక్కడూ అడగలేదు. కానీ గేటు బయట నిలబడ్డవాడికి ఆ మాట చెప్పి ఏం లాభం?"

నేను నవ్వాను. నాకూ తెలుసు. బీఎస్సీ అయ్యాక రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో నా పర్సెంటేజీ ఒక్కటే చూసి ఉద్యోగం ఇచ్చారు. నాతో పాటు డెమో క్లాసుకి వచ్చిన అమ్మాయి నాకంటే బాగా పాఠం చెప్పింది. ఆమెకి ఇవ్వలేదు. అప్పుడు అది న్యాయంగానే తోచింది.

కంకి చేతికిస్తూ ఆంటీ గొంతు తగ్గించింది. "పేపర్లు నువ్వే దిద్దుతావటగా."

"పేర్లుండవాంటీ. ఎవరిది ఏదో తెలీదు."

"తెలుసుకోమనట్లేదమ్మా. ఒకవేళ నీ చేతికొస్తే... చూడు. అంతే."

చూడు. అంటే చాలా అర్థాలున్నాయి. నేను తలూపాను. ఎందుకూపానో తెలియదు. నోట్లో కంకి ఉంది కాబట్టి కావచ్చు.

నవంబరు 11, మంగళవారం

పరీక్ష అయిపోయింది. ఆదర్శ్ ఇంటికొచ్చి బూట్లు విప్పి, "నాట్ బ్యాడ్" అన్నాడు. ఆంటీ అదే మాట మూడుసార్లు చెప్పించుకుంది.

నవంబరు 13, గురువారం

నాకు నాలుగో ప్రశ్న వచ్చింది. ఇరవై మార్కులు. ఒక కంపెనీకి వచ్చిన క్లెయిముల లెక్కలిచ్చి, వచ్చే ఏడు ఎన్ని రావచ్చో అంచనా కట్టమన్నాం. క్లాసులో నేర్పిన మామూలు పద్ధతి చేతికందేట్టే ఉంటుంది. కానీ ముందు ఒక గ్రాఫు గీసి చూస్తే ఆ పద్ధతి ఈ లెక్కలకు నప్పదని తెలుస్తుంది. కిటుకంతా అక్కడే. గ్రాఫు గీసినందుకు రెండు మార్కులు, నప్పదని చెప్పినందుకు ఇంకో రెండు, తర్వాత వేరే పద్ధతిలో చేసినందుకు మిగతావి. తప్పు పద్ధతైనా లెక్క శుభ్రంగా చేస్తే పన్నెండు దాకా ఇవ్వమంది హెలెన్.

మధ్యాహ్నం టీ తాగి వచ్చి తర్వాతి పేపరు తెరిచాను. నాలుగు అంకె తెరచాపలా ఉంది.

ఆ అంకెను నేను మూడేళ్ళుగా ఫ్రిజ్ మీద అంటించిన సామాన్ల చీటీల్లో చూస్తున్నాను. ఆదర్శ్ రాతే.

ముందు గ్రాఫు గీశాడు. సరైన గ్రాఫు. దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత పెట్టి కొట్టేశాడు. కింద మామూలు పద్ధతిలో లెక్క చక్కగా చేశాడు. కొట్టేసిన దానికి మార్కులుండవని ప్రశ్నపత్రం మీదే ఉంది. పన్నెండు వేశాను. అందరికీ ఎలా వేశానో అలాగే వేశాను. తర్వాతి పేపరు తెరిచాను.

నవంబరు 14, శుక్రవారం

హెలెన్‌కి చెప్పాల్సింది. చెప్తే ఆ పేపరు ఇంకొకరికి ఇచ్చేది. కానీ అందరికీ ఎలా వేశానో అలాగే వేశాను కదా. చెప్పడానికి ఏముంది?

నవంబరు 17, సోమవారం

అన్ని ప్రశ్నల మార్కులూ కలిపి పట్టిక తయారుచేసే పని కూడా హెలెన్ నాకే ఇచ్చింది. రోల్ నంబర్లు, వాటి పక్కన అంకెలు. నేను ఏ నంబరూ వెతకలేదు. పట్టిక పై నుంచి కిందికి సరిచూస్తుంటే ఆ పేపరు మీద చూసిన నంబరు దానంతట అదే వచ్చింది.

అరవై ఎనిమిది.

ఇంటికి వెళ్తే ఆంటీ కొబ్బరన్నం చేసింది. ఆదర్శ్‌కి ఆఫీసు చొక్కాలు కొనుక్కొచ్చింది. లేత నీలం ఒకటి, తెల్లవి రెండు. "ఏదమ్మా బావుంది?" అని నా ముందు పరిచింది. నీలం అన్నాను.

నవంబరు 18, మంగళవారం

కొట్టేసినా సరే, గీసిన గ్రాఫు సరైనదే. దాని బదులు ఇంకోటి గీయలేదు. అంటే అతనికి తెలిసిందనేగా? తెలిసినదానికి మార్కులివ్వడమే కదా పరీక్ష? కొన్ని యూనివర్సిటీల్లో కొట్టేసిన దాని బదులు వేరేది రాయకపోతే, కొట్టేసిందే దిద్దుతారు. నేను చదివాను. మా దగ్గర ఆ నియమం ఎందుకు లేదు? రాసినవాడికి జ్ఞానం ఉందా లేదా అని చూడాలి గాని, పెన్ను ఎటు పోయిందని కాదు.

ఇది ఆదర్శ్ కోసం కాదు. ఇలా కొట్టేసినవాళ్ళు ఇంకా ఉంటారు. ఒక్కడికే ఇస్తే పక్షపాతం. అందరికీ ఇస్తే న్యాయం. రేపు నాలుగో ప్రశ్న అన్ని పేపర్లలోనూ మళ్ళీ చూస్తాను. ఎంతమంది గ్రాఫు గీసి కొట్టేశారో లెక్క తీసి, అందరికీ రెండేసి మార్కులు కలపమని హెలెన్‌ని అడుగుతాను.

ఆదర్శ్ కోసం కాదు.

నవంబరు 19, బుధవారం

పొద్దుట్నుంచీ ఆఫీసులోనే. అన్ని పేపర్లూ మళ్ళీ తెరిచాను. కొట్టేసినవి కొన్ని దొరికాయి. కొందరు పిచ్చిగీతలు కొట్టేశారు, ఒకమ్మాయో అబ్బాయో పిల్లి బొమ్మ వేసి కొట్టేశారు. సరైన గ్రాఫు గీసి కొట్టేసింది మాత్రం ఆదర్శ్ కాక ఇద్దరే. ఇద్దరికీ రెండు మార్కులతో ఏమీ మారదు. ఒకరు ఎలాగూ పాసయ్యారు, ఒకరికి తొంభై దగ్గర ఉంది.

అంటే నా "అందరూ" ముగ్గురు. వాళ్ళలో మారేది ఒక్కడిది.

ఆ పేపర్లలోనే ఇంకోటి కనబడింది. రాత వంకరటింకర. ఎవరో గ్రాఫు గీశారు, కొట్టెయ్యలేదు. లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. ఆ పేపరుకి నేను ఐదు వేశాను. ఈసారి పేజీ చివరిదాకా చూశాను. అడుగున, అంచుకి ఆనుకుని ఒక వాక్యం ఉంది: ఈ పద్ధతి ఈ లెక్కలకు పనికిరాదు, వేరేది చేయాలి, టైం అయిపోయింది.

మొదటిసారి నేను దాన్ని చూడలేదు. గ్రాఫుకి కూడా వెయ్యడం మరిచాను. ఇంకా నాలుగు మార్కులు రావాలి. గ్రాఫుకి రెండు, ఆ వాక్యానికి రెండు. మొత్తం పట్టికలో ఆ నంబరు పక్కన నలభై ఏడు ఉంది. పాసవడానికి యాభై కావాలి. ఫెయిల్.

తెలుసుకుని, తెలిసిందని రాసి, ఆగిపోయినవారికి ఐదు. తెలిసి కూడా పక్కన పెట్టి ముందుకెళ్ళిన ఆదర్శ్‌కి పన్నెండు. ఆ పన్నెండుని పద్నాలుగు చేయడానికి పొద్దున్నుంచి నేను వెతుకుతున్నాను. ఈ వాక్యం కోసం ఎవరూ నన్ను వెతకమనలేదు. వాళ్ళమ్మ నా చేతికి కంకి ఇవ్వలేదు.

నవంబరు 20, గురువారం

హెలెన్ గదికి వెళ్ళాను. ముందు ఆ నలభై ఏడు చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని అడుగున ఉన్న వాక్యం చదివి, "ఎస్, నాలుగు ఇవ్వాలి. గుడ్ క్యాచ్" అంది.

తర్వాత కొట్టేసిన గ్రాఫుల గురించి చెప్పాను. నియమం మార్చవచ్చేమోనని, మంచి ఇంగ్లీషులో, మొన్న రాసుకున్న వాదనంతా చెప్పాను. ఆమె చివరిదాకా విని అడిగింది: "అన్నీ మళ్ళీ ఎందుకు తెరిచావు?"

పొరపాట్లు సరిచూద్దామని అనవచ్చు. అలా అంటే ఆమె నమ్మేది. సాక్ష్యం కూడా ముందే పెట్టాను.

"ఈ ముగ్గురిలో ఒకరు నాకు తెలుసు" అన్నాను. "రాత గుర్తుపట్టాను. నేనుంటున్న ఇంటివాళ్ళబ్బాయి. రెండు మార్కులు తగ్గాయి, ఉద్యోగం పోతుంది."

ఆమె పెన్ను టేబుల్ మీద పెట్టింది. కిటికీ బయట ఎవరో లాన్ కోస్తున్నారు. ఆమె లేచి కిటికీ మూసింది.

"గుర్తుపట్టిన రోజే నాకు చెప్పాల్సింది, వైశాలీ."

"అవును."

ఆదర్శ్ పేపరు తనే మొదట్నుంచి దిద్దుతానంది. నలభై ఏడు యాభై ఒకటి అవుతుంది. నియమం మారదు. వచ్చే సెమిస్టరు నేను క్లాసులు చెప్పవచ్చు, పేపర్లు మాత్రం దిద్దక్కర్లేదు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తేలిగ్గా ఉండేది.

ఇంటికొచ్చేసరికి నీలం చొక్కా ఇస్త్రీ చేసి హాల్లో తలుపుకి తగిలించి ఉంది.

డిసెంబరు 1, సోమవారం

రిజల్ట్స్. హెలెన్ కూడా పన్నెండే ఇచ్చినట్టుంది. అరవై ఎనిమిది. సగటు 64.9.

డిసెంబరు 3, బుధవారం

ఆదర్శ్ కంపెనీకి తనే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టమని అంకుల్ అన్నారు. అవతల అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. కంగ్రాచులేషన్స్ ఆన్ ఫినిషింగ్ అంది. షరతు షరతేనని, వెయిటింగ్ లిస్టులో చాలామంది ఉన్నారని, వచ్చే ఏడు మళ్ళీ అప్లై చేయమని చెప్పింది. ఆదర్శ్ "నో వర్రీస్, థాంక్స్ ఫర్ యువర్ టైమ్" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ముఖంలో ఆ మర్యాద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసేయాలో తెలియనట్టు.

"పాయింట్ వన్" అన్నారు అంకుల్. "పాయింట్ వన్ కి ఎవడైనా..." అని ఆపేసి పెరట్లోకి వెళ్ళిపోయారు.

డిసెంబరు 6, శనివారం

ఆంటీ వంటింట్లో ములక్కాడలు తరుగుతోంది. నేను నీళ్ళు పట్టుకుందామని వెళ్ళాను. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"వాడి పేపరు నీ చేతికొచ్చిందా?"

రాలేదని చెప్పవచ్చు. పేర్లుండవని ముందే చెప్పాను కూడా. ఆ మాటే మళ్ళీ చెప్తే సరిపోయేది.

"ఒక్క ప్రశ్న వచ్చిందాంటీ. రాత చూసి తెలిసింది."

కత్తి ఆగింది.

"తెలిసి కూడా?"

"నియమం ప్రకారం అంతే వస్తాయి. కలపడానికి చూశాను. కుదరలేదు."

కుదరలేదు అన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు.

"మూడేళ్ళుగా నా చేత్తో పెట్టాను" అంది ఆంటీ. అన్నం అనే మాట అనలేదు. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ముక్కలన్నీ ఒకే కొలతలో పడుతున్నాయి. నేను గ్లాసు అక్కడే వదిలేసి వచ్చేశాను.

డిసెంబరు 8

ఈ రోజు నన్ను భోజనానికి పిలవలేదు. నాకు ఆకలి లేదు, కాబట్టి ఇబ్బంది లేదు.

డిసెంబరు 13, శనివారం

ఆదర్శ్ తన ఆన్సర్ పేపరు కాపీ తెప్పించుకున్నాడు. అడిగితే ఇస్తారు. మధ్యాహ్నం నా గదికి వచ్చి, "అక్కా, క్వశ్చన్ ఫోర్ ఎక్స్‌ప్లెయిన్ చేస్తావా? ఐ జస్ట్ వాంట్ టు నో" అన్నాడు. ఆంటీ, అంకుల్ గుడికి వెళ్ళారు. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం.

గ్రాఫు చూపించాను. "ఇది కరెక్టు. దీన్నిబట్టే మామూలు పద్ధతి నప్పదని తెలియాలి."

"ఐ న్యూ."

"ఏంటి?"

"తెలుసు అక్కా. గ్రాఫ్ వెయ్యగానే తెలిసింది. దిస్ ఈజ్ నాట్ గోయింగ్ టు వర్క్ అని. కానీ ఇంకో మెథడ్ నాకు సరిగ్గా రాదు. ట్వంటీ మినిట్సే ఉంది. సో..." వేలితో ఆ అడ్డగీత మీద గీశాడు. "ఇది అక్కడుంటే నేను రాసేది తప్పని మార్కర్‌కి తెలుస్తుంది కదా. అందుకే కొట్టేశాను."

కొట్టేసిన గ్రాఫుని అతని జ్ఞానానికి సాక్ష్యమని హెలెన్ ముందు వాదించాను. సాక్ష్యమే. కానీ నేననుకున్న సాక్ష్యం కాదు.

"కొట్టెయ్యకుండా ఉంచి, ఇది నప్పదు, రెండో పద్ధతి నాకు పూర్తిగా రాదు అని ఒక్క వాక్యం రాసుంటే..." అని ఆగాను.

"రాసుంటే?"

"గ్రాఫుకి రెండు, ఆ వాక్యానికి రెండు. ఈ లెక్క కూడా కింద అలాగే ఉంచుంటే పదహారు వచ్చేవి."

అతను కాపీ తన వైపు తిప్పుకున్నాడు. మొత్తం డెబ్భై రెండు అయ్యేదని కూడిక ఇద్దరికీ వచ్చు.

కాపీ మడిచి అడిగాడు: "మామ్ నిన్ను మార్క్స్ వెయ్యమని అడిగిందా?"

"చూడమంది."

"నువ్వు?"

"చూశాను. రోజంతా చూశాను. వెయ్యడానికి దారి వెతికాను."

ఆదర్శ్ నవ్వలేదు, కోప్పడలేదు. "థాంక్స్ ఫర్ నాట్ ఫైండింగ్ వన్" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకు అర్థమైందని అనుకుంటున్నాను. ఈ రోజు రాస్తున్నప్పుడు అంత నమ్మకంగా లేదు. బహుశా మర్యాదకే అన్నాడేమో.

జనవరి 17, శనివారం

క్లేటన్‌కి ఇల్లు మారాను. ముగ్గురమ్మాయిలతో కలిసి. క్యాంపస్‌కి దగ్గర, అందుకే మారాను. అంకుల్ తన కారులో పెట్టెలు దింపారు. "ఆదివారాలు గుడికి వస్తూ ఉండమ్మా" అన్నారు. ఆంటీకి తలనొప్పి, పడుకుంది.

జనవరి 25

క్యాంపస్‌కి నిజంగానే దగ్గర.

ఫిబ్రవరి 12, గురువారం

ఆదర్శ్ క్యాంపస్ లైబ్రరీలో కనిపించాడు. ప్రింటర్ వాడుకోవడానికి వచ్చాడట. కాఫీ తాగాం. పెద్ద కంపెనీల అప్లికేషన్లన్నీ ఆన్‌లైన్‌లోనేనట. మొదటి పేజీలోనే సగటు ఎంతో ఎంచుకోమని ఒక పెట్టె ఉంటుంది. అరవైకీ అరవై ఐదుకీ మధ్య అని నొక్కగానే రెండో పేజీ రాదు.

"ఇట్ డజంట్ ఈవెన్ సే నో, అక్కా. థాంక్యూ ఫర్ యువర్ ఇంట్రెస్ట్ అంటుంది."

"పైది నొక్కితే?"

"నొక్కచ్చు. తర్వాత ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతారు. ఎనీవే..." కప్పు మూత తిప్పుతూ అన్నాడు, "వన్స్ నొక్కాను. సెకండ్ పేజ్ వచ్చింది. బ్యాక్ కొట్టేశాను."

ఆంటీ ఎలా ఉందని అడిగాను. తెలిసినవాళ్ళందరికీ ఆ కంపెనీ ఈ ఏడు ప్రోగ్రామే రద్దు చేసిందని చెప్తోందట. "నేను పక్కనుంటే మాత్రం చెప్పదు" అన్నాడు.

మార్చి 19, గురువారం

ఆదర్శ్ మెసేజ్: డాండినాంగ్ సౌత్‌లో కోల్డ్ స్టోరేజ్ కంపెనీ. ఏ లారీలో ఎంత సరుకు ఎక్కించాలో, ఏ రోజు ఎంత వస్తుందో అంచనా కట్టే పని. ఆర్నెల్ల కాంట్రాక్టు. ఇంటర్వ్యూలో మూడే అడిగారట: కారుందా, సోమవారం చేరగలవా, చలికి పర్వాలేదా.

మార్కులు అడిగారా అని పంపాను.

'నోప్. హెచ్‌ఆర్ ఫైల్‌లో పెట్టుకోవడానికి తర్వాత అడుగుతారట.'

సంతోషపడ్డాను. ఒక గంట తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. సిటీ ఆఫీసులో జీవితం ఇంకోలా ఉండేది. గేటు దగ్గర ఆగినవాడు లోపల ఏముందో ఎప్పటికీ చూడడు కాబట్టి, ఇదే మంచిదయిందని మనం చెప్పుకోవడం తేలిక. నేను చెప్పుకోను. ఆ రెండు మార్కులకి ధర ఉంది. ఆ ధర కట్టింది నేను కాదు.

ఏప్రిల్ 9

ఆ యాభై ఒకటి ఎవరిదో నాకింకా తెలియదు. లైబ్రరీలో, బస్సులో ఎవరినైనా చూసి, ఇతనేమో, ఈమేనేమో అనుకుంటూ ఉంటాను. వాళ్ళకి తెలిసే అవకాశమే లేదు. పాసయ్యామని మాత్రమే తెలుసు. అంత మాత్రం తెలిస్తే చాలు.

మే 3, ఆదివారం

ఆదర్శ్ ఫోన్. గ్రాడ్యుయేషన్‌కి మూడు టిక్కెట్లు ఉన్నాయట. "మామ్, డాడ్, నువ్వు." ఆంటీతో చెప్పావా అన్నాను. "మూడో టిక్కెట్ ఎవరికని అడిగింది. చెప్పాను. ఏమీ అనలేదు."

మే 14, గురువారం

వెళ్ళాను. పెద్ద హాలు. అంకుల్ నడవ పక్కన, నా పక్కన ఆంటీ. ముదురాకుపచ్చ పట్టుచీర, పైన కోటు. "బాగున్నారా ఆంటీ" అన్నాను. "ఆఁ" అంది. తర్వాత గంటసేపు వేదిక మీదకు ఎక్కేవాళ్ళనే చూశాం. ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు, వెళ్తారు, చేయి కలుపుతారు, చుట్టిన కాగితం తీసుకుంటారు, దిగుతారు. ఎవరికి ఎంతొచ్చిందో పిలవరు. ఆదర్శ్ పేరు పిలిచినవాడు దాన్ని సరిగ్గా పలకలేక సగం విరిచేశాడు. అయినా ఆంటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వెనకవాళ్ళకి అడ్డమని అంకుల్ కొంగు లాగారు. కూర్చోలేదు.

బయట పచ్చిక మీద ఫోటోల కోసం అందరూ గుంపులుగా నిలబడ్డారు. గాలి బాగా వీస్తోంది. ఆదర్శ్ ఆ కాగితం తెచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు. ఆంటీ విప్పి చదివింది. పేరు, డిగ్రీ, తేదీ, రెండు సంతకాలు, ఎర్ర ముద్ర. మళ్ళీ పై నుంచి చదివింది. కాగితం వెనక్కి తిప్పి చూసింది. వెనక ఖాళీ.

"ఇందులో మార్కులు లేవేంట్రా?"

"ఉండవు మామ్. జస్ట్ ది డిగ్రీ."

"అసలుండవా?"

"అవి వేరే షీట్‌లో ఉంటాయి. ఇది గోడకి పెట్టుకునేది."

ఆంటీ ఆదర్శ్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. డిసెంబరు తర్వాత నా కళ్ళలోకి నేరుగా చూడటం ఇదే. నన్నేదో అడుగుతుందనుకున్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె అడగలేదు.

ఫోటో తీసేవాడు తొందరపెట్టాడు. గాలికి ఆదర్శ్ గౌను ఒక భుజం మీంచి జారిపోతోంది. ఆంటీ అది సర్దడానికి రెండు చేతులూ కావలసి, కాగితం నా వైపు చాపింది.

"ఇది పట్టుకో. నలగనీకు."

రెండు చేతులతో పట్టుకున్నాను. ఆంటీ కొడుకు భుజాల మీద గౌను సరిచేసి, కాలరు మడత పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి చూసుకుని, మళ్ళీ వెళ్ళి ఇంకోసారి సర్దింది. అంకుల్ పక్కన చేరారు. నేను కెమెరాకి అడ్డం రాకుండా జరగబోయాను.

"ఎక్కడికి?" అంది ఆంటీ. "ఇటు రా."